మైక్రోస్కోప్ ఫొటోలకి ఏ ఫిల్టర్ కొనాలి? కొనే ముందు అది ఎక్కడ పెడుతున్నారో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివా. మీది చెన్నైలో వేళచ్చేరి, ఆన్‌లైన్‌లో కొన్న స్టూడెంట్ మైక్రోస్కోపు, 4 నుంచి 100 దాకా నాలుగు ఆబ్జెక్టివ్‌లు (స్లైడు వైపు ఉండే లెన్సులు), కింద ఎల్ఈడీ, ఐపీస్ మీద మొబైల్ బిగించే హోల్డరు. చెరువు నీళ్ళలో పురుగులు కంటికి బానే కనపడుతున్నాయి గానీ ఫొటో తీస్తే పాలిపోయి వస్తున్నాయి, అందుకని రంగు ఫిల్టర్ల సెట్టు తెప్పించారు, ఎర్రది పెడితే ఫొటో అంతా ఎరుపు, ఆకుపచ్చది పెడితే అంతా పచ్చ, నడుమ చుక్క ఉన్న రకం పెడితే ఫొటో మధ్యలో మసక మచ్చ. ఇప్పుడు ఇంకాస్త ఖరీదైన సెట్టు కొంటే బాగుపడుతుందా, కొంటే ఏ కంపెనీది కొనాలి అనేది మీ డౌటు.

కొనకండి. కనీసం ఈ నెల కొనకండి.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తా, ఎవడీయన అనుకోకుండా. మాది నెల్లూరు, పెరంబూర్ వచ్చి స్థిరపడ్డాం, పాతికేళ్ళు ల్యాబ్‌లో బ్లడ్ స్మియర్లు చూశా, ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఫిల్టర్ అంటే మైక్రోస్కోపుతో పాటు వచ్చిన నీలం బిళ్ళ ఒక్కటే, అదెందుకు ఉందో కూడా అడిగిన పాపాన పోలేదు. ఇంట్లో సొంతంగా ఒకటి కొనుక్కున్నాక పిచ్చి పట్టుకుంది, ఇప్పుడు మా ఇంట్లో చాక్లెట్ కాగితం ఏదైనా సరే చెత్తబుట్టలోకి పోయే ముందు ఒకసారి నా చేతిలోంచి వెలుగుకేసి చూడబడి పోతుంది.

ఆ పిచ్చిలో నాకర్థమైంది ఇది: ఫిల్టర్ అనేది ఫొటోకి ఏదీ ఇచ్చేది కాదు, ఉన్న వెలుగులోంచి కొంత కోసేస్తుంది అంతే. కాబట్టి "ఏ ఫిల్టర్ బాగుంటుంది" అని అడిగితే ఎవరూ జవాబు చెప్పలేరు. నా ఫొటోకి ఏ వెలుగు అడ్డం వస్తోంది అని అడిగితే వెంటనే దారి దొరుకుతుంది. వెలుగుని రంగుని బట్టి కోయొచ్చు, అది రంగు బిళ్ళ పని. ఏ కోణంలో వస్తోందో దాన్ని బట్టి కోయొచ్చు, అది మీ చుక్క ఫిల్టర్ పని. ఏ దిశలో కంపిస్తోందో దాన్ని బట్టి కోయొచ్చు, అది పోలరైజర్ పని. మీరు రెండో రకాన్ని మొదటి రకం లాగా వాడారు, అందుకే మచ్చ.

ముందు ఆ మచ్చ సంగతి. మీరు దాన్ని కింద లైటు అద్దం మీద పెట్టుంటారు, అవునా? అందరూ అక్కడే పెడతారు, నేనూ పెట్టా. ఇప్పుడు స్టేజీ (స్లైడు పెట్టే బల్ల) కిందకి తల పెట్టి చూడండి, కండెన్సర్ అని ఒక లెన్సుల గుండు ఉంటుంది, దానికి ఐరిస్‌ని, అంటే వెలుగు వచ్చే కన్నాన్ని, తెరిచి మూసే చిన్న లివర్, దానికింకా కింద పక్కకి తిరిగే ఒక ఖాళీ రింగు. ఫిల్టర్ ఇల్లు అది. కండెన్సర్ సరైన ఎత్తులో ఉంటే లైటు అద్దం మీదున్నది ఏదైనా దాదాపు స్లైడు మీదే వాలుతుంది, అక్కడి దుమ్ము, గీత, మీ చుక్క, అన్నీ ఫొటోలో మచ్చలుగా దిగుతాయి. రింగులో పెడితే కథ వేరు, ఆ మట్టంలో ఒక్కో చోటు నుంచి బయల్దేరిన వెలుగు స్లైడు దగ్గరికి ఒక్కో కోణంలో చేరుతుంది, అంటే అక్కడ నడుమ చుక్క పెడితే ఫొటో నడుమ ఏమీ పోదు, నిట్టనిలువుగా వచ్చే వెలుగు మాత్రం పోతుంది. ఈ ఒక్కటి తలకెక్కితే మిగతాదంతా ఆటే.

ఇంకోటి, ఫొటోలు పాలిపోవడానికి ఫిల్టర్ లేకపోవడం కారణం కాదు, నాకు తెలిసి ఐరిస్ బార్లా తెరిచి వదిలేశారు. ఐపీస్ తీసి గొట్టంలోకి చూడండి (దాన్ని పట్టుకుని ఒక బుల్లి స్క్రూ ఉండొచ్చు, వదులు చేయండి), అడుగున వెలుగు బిళ్ళ ఒకటి కనపడుతుంది, లివర్ కదిలిస్తే దాని అంచుల నుంచి ఐరిస్ మూసుకుంటూ వస్తుంది, మూడొంతులు వెలుగు మిగిలేలా ఆపి మళ్ళీ ఐపీస్ పెట్టి ఫొటో తీయండి. ఇంకా మూస్తే కాంట్రాస్ట్ పెరిగినట్టే ఉంటుంది గానీ ప్రతి గీతకీ పక్కన ఇంకో గీత తోడొస్తుంది, అది నిజం గీత కాదు. ఆబ్జెక్టివ్ మార్చిన ప్రతిసారీ ఇది మళ్ళీ చేయాలి, బద్ధకించొద్దు. ఆగస్ట్ కోలర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1893లో లైటింగ్ పద్ధతి రాసింది ప్రత్యేకంగా మైక్రోస్కోప్ ఫొటోల కోసమే, మన చవక మైక్రోస్కోపుల్లో ఆయన పద్ధతి పూర్తిగా కుదరదు, ఫీల్డ్ ఐరిస్ (లైటు దగ్గరే ఉండే ఇంకో ఐరిస్) ఉండదు కాబట్టి, కానీ ఈ సగం కుదిరినా సగం ఫొటో బాగుపడుతుంది.

ఇక రంగు బిళ్ళలు.

నీలంది తీసి పక్కన పెట్టేయండి. అది పాత బల్బుల కాలం నాటిది, టంగ్‌స్టన్, హాలోజన్ వెలుగు పసుపు ఎరుపు మీద ఉంటుంది, అందులో ఎరుపు కొంత కోసేసి పగటి వెలుగులా చేయడానికి అది ఇచ్చేవాళ్ళు. మా ల్యాబ్‌లో దాని పని అదే అని రిటైరయ్యాక తెలిసింది. మీది తెల్ల ఎల్ఈడీ, అసలే అందులో 450 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడుగు కొలత) దగ్గర నీలం కుప్పగా ఉంటుంది, దానికి మళ్ళీ నీలం బిళ్ళ పెడితే చల్లారిన గంజికి నీళ్ళు పోసినట్టు.

ఆకుపచ్చది మాత్రం ఉంచుకోండి, మీ సెట్టులో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే రంగు బిళ్ళ అదే. మన ఆబ్జెక్టివ్‌లు అక్రోమాట్ రకం, అంటే ఎరుపుని, నీలాన్ని ఒకచోట ఫోకస్ చేసేలా సర్దుతారు, గోళాకార దోషాన్ని (లెన్సు అంచు నుంచి, మధ్య నుంచి వచ్చిన వెలుగు ఒకచోట కలవకపోవడం) మాత్రం ఒక్క ఆకుపచ్చకే సరిచేస్తారు. మిగతా రంగులు కాస్త అటూ ఇటూ పడి అంచులకి ఊదా, పసుపు ఝాలర్లు కడతాయి, ఆకుపచ్చ తప్ప మిగతా వెలుగంతా కోసేస్తే లెన్సు తనకొచ్చిన పాఠమే అప్పజెప్తుంది, అంచులు చక్కగా దిగుతాయి. నలుపు తెలుపు ఫొటోలకే అనుకోండి, రంగు ఎటూ ఉండదు కదా.

నీలం వెలుగు తరంగం పొట్టిది కదా, దాంతో ఇంకా సన్నని వివరం రావాలి కదా అని మీకు అనిపించొచ్చు, ఎర్నెస్ట్ అబ్బే అనే శాస్త్రవేత్త 1873లో చెప్పిన లెక్క ప్రకారం అది నిజమే. ఆబ్జెక్టివ్ మీద 40/0.65 అని ఉంటుంది చూడండి, ఆ రెండో అంకె ఎన్.ఏ. (న్యూమరికల్ ఎపర్చర్, లెన్సు ఎంత ఏటవాలు వెలుగుని పట్టుకోగలదో దాని కొలత), తరంగదైర్ఘ్యాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే విడదీయగలిగే దూరం వస్తుంది, 550 ఆకుపచ్చకి 423 నానోమీటర్లు, 450 నీలానికి 346, 650 ఎరుపుకి 500. కాగితం మీద నీలమే గెలిచింది. కానీ అక్రోమాట్‌కి నీలంలో సరైన చదువు లేదు, పైగా ఫొటో చీకటైపోయి మొబైల్ ఐఎస్ఓ (సెన్సార్ సున్నితత్వం) పెంచేసి గరుకు తెచ్చిపెడుతుంది. డయాటమ్‌ల (గాజు పెంకు ఉండే సూక్ష్మ నాచు) మీద నేను రెండూ పక్కపక్కన పెట్టి చూశా, నా లెన్సుతో ఆకుపచ్చే బాగుంది.

మొబైల్ విషయంలో మాత్రం ఒక మెలిక ఉంది. సెన్సార్‌లో ప్రతి నాలుగు చుక్కల్లో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం, అంటే మీ మొబైల్‌లో ఆల్రెడీ బుల్లి బుల్లి ఫిల్టర్లు కూర్చునే ఉన్నాయి. తెల్ల వెలుగులోనే రా ఫైల్ (మొబైల్ మార్పులు చేయని ముడి ఫొటో) తీసి, కంప్యూటర్లో గ్రీన్ ఛానెల్ ఒక్కటీ విడదీస్తే ఆకుపచ్చ బిళ్ళ పెట్టినంత పనీ దాదాపు అయిపోతుంది, తరవాత మనసు మారితే రంగు ఫొటో కూడా చేతిలో ఉంటుంది. మరి బిళ్ళ ఎందుకు అంటే ఫోకస్ చేసేటప్పుడు, కంటికి ఝాలర్లు లేకుండా ఎక్కడ పదునో తెలుస్తుంది. నేను బిళ్ళతో ఫోకస్ చేసి, ఒకటి తీసి, బిళ్ళ తీసేసి మళ్ళీ రంగులో ఒకటి తీస్తా. అదే ఎర్ర బిళ్ళ పెట్టారనుకోండి, సెన్సార్‌లో నాలుగో వంతే పని చేస్తుంది, మిగతా మూడొంతులు కునుకు తీస్తాయి.

ఎరుపు ఎప్పుడు పనికొస్తుందంటే, రంగు ఎక్కించిన స్లైడుకి. ఏ రంగు ఎక్కించారో దానికి ఎదురు రంగు ఫిల్టర్ పెడితే ఆ వస్తువు నల్లగా లేచి కూర్చుంటుంది. కొళత్తూర్ అక్వేరియం షాపుల్లో చేపల మందుగా మిథిలీన్ బ్లూ అమ్ముతారు, ఉల్లిపొరకి ఒక చుక్క వేసి చూడండి, అది మింగేది ముఖ్యంగా 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపుని, అందుకే మన కంటికి నీలం, ఎర్ర బిళ్ళ పెడితే న్యూక్లియస్ బొగ్గులా కనపడుతుంది. సఫ్రనిన్, ఇయోసిన్ లాంటి ఎర్ర రంగులకైతే ఆకుపచ్చ. నాచులో పత్రహరితం ఎరుపునీ నీలాన్నీ రెండిట్నీ తాగుతుంది, కాబట్టి ఆకుపచ్చ బిళ్ళతో నాచు ఫొటో తీస్తే క్లోరోప్లాస్టులు మాయమైనట్టు తేలిపోతాయి, మీ పాలిపోయిన ఫొటోల్లో ఒకటి ఇలాగే వచ్చుండాలి.

ఇవన్నీ చేసే ముందు మొబైల్లో ఆటో వైట్ బ్యాలెన్స్ కట్ చేయండి, అది మహా తెలివైంది, మీరు కష్టపడి పెట్టిన రంగుని "అయ్యో పాపం తప్పు రంగు" అని తుడిచేస్తుంది. ఖాళీ స్లైడు పెట్టి, ఫిల్టర్ లేకుండా, తెల్లగా వచ్చేలా సెట్ చేసి లాక్ చేయండి, ఎక్స్‌పోజర్ కూడా. వీడియోలో అడ్డ చారలు పాకుతుంటే అది ఫిల్టర్ తప్పు కాదు, ఎల్ఈడీ తగ్గించినప్పుడు అది ఆరుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి, ఫుల్లు పెట్టి, లైటు మీద బటర్ పేపర్ రెండు పొరలు వేసి తగ్గించుకోండి.

ఇప్పుడు నాకిష్టమైన చోటుకి వచ్చాం. మీ చెరువు పురుగులకి రంగు ఎక్కించడం కష్టం, చాలా రంగులకి చస్తాయి, వాటి ఒళ్ళు గాజులా ఉంటుంది, అవి పాలిపోయి కనపడటానికి వెనకాల నుంచి వచ్చే వెలుగే కారణం, పగలు నక్షత్రాలు కనపడనట్టే. ఆ వెనక వెలుగుని కోసేయాలి. దాన్నే డార్క్‌ఫీల్డ్ అంటారు, దానికి కావాల్సింది ఒక పారదర్శకమైన బిళ్ళ, మధ్యలో నల్ల చుక్క, అంతే. మధ్య వెలుగు ఆగిపోతుంది, చుట్టూ ఏటవాలుగా వచ్చే వెలుగు ఆబ్జెక్టివ్‌లోకి దూరకుండా పక్కనుంచి పోతుంది, మధ్యలో పురుగు ఉంటే దానికి తగిలి చెదిరిన వెలుగు ఒక్కటే లోపలికి వస్తుంది, నల్లటి ఆకాశంలో పురుగు దీపంలా వెలుగుతుంది.

నల్ల చుక్క ఎంతుండాలి అన్నదే అసలు కిటుకు. పైన చెప్పినట్టు ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తూ, ఐరిస్ అంచు సరిగ్గా వెలుగు బిళ్ళ అంచుని తాకేదాకా మూయండి, మూసి అక్కడే వదిలేసి, కింద నుంచి ఆ ఐరిస్ కన్నాన్ని స్కేలుతో కొలవండి. చుక్క దానికంటే ఒక వెంట్రుకవాసి పెద్దదుండాలి. 10కి వేరు, 40కి వేరు. తరవాత ఐరిస్ పూర్తిగా తెరవడం మర్చిపోవద్దు, మర్చిపోతే అంతా చీకటి, మొదటిరోజు నేను అరగంట లైటు పాడైందనుకుని స్విచ్ బోర్డు విప్పా.

చుక్క దేంతో చేయాలంటే నవ్వొద్దు, బొట్టుబిళ్ళలు. కత్తెరతో నల్ల కాగితం కోస్తే గుండ్రంగా రాదు, బొట్టుబిళ్ళ ఫ్యాక్టరీలో కోసిన గుండ్రం, వెనక జిగురు ఉంటుంది, మఖమలు రకమైతే వెలుగు అస్సలు దాటదు, ఒకే కార్డులో అన్ని సైజులూ దొరుకుతాయి. మా ఆవిడని నల్ల బిళ్ళల కార్డు కొనమంటే "నల్లవి ఎవరు పెట్టుకుంటారు" అని షాపువాడి ముందే అడిగింది. ఓహెచ్‌పీ షీటు నుంచి మీ రింగుకి సరిపడా బిళ్ళ కోసి (నాది 32 మిల్లీమీటర్లు, మీది కొలుచుకోండి) సరిగ్గా మధ్యలో అంటించండి. 40 ఆబ్జెక్టివ్‌కి నా దగ్గర బొట్టుబిళ్ళలు చాలలేదు, 2011లో వచ్చిన అర్ధరూపాయి బిళ్ళ 19 మిల్లీమీటర్లు ఉంటుంది, అది పెట్టా, బజార్లో ఎవరూ తీసుకోని అర్ధరూపాయికి నా దగ్గర ఉద్యోగం దొరికింది. 100 ఆబ్జెక్టివ్‌కి మాత్రం ఇది కుదరదు, దాని ఎన్.ఏ. 1.25, కండెన్సర్ దానికంటే వాలుగా వెలుగు పంపలేదు, నూనె లేకుండా అయితే 1 కూడా దాటదు. ఎవరైనా చుక్క ఫిల్టర్ 100కి పనిచేస్తుందని అమ్మితే నమ్మకండి.

డార్క్‌ఫీల్డ్‌లో ఒక శాపం ఉంది, స్లైడు మీది ప్రతి దుమ్ము కణమూ కార్తీక దీపమై కూర్చుంటుంది. స్లైడు, కవర్‌స్లిప్ స్పిరిట్‌తో తుడిచి తీరాలి. మొబైల్ కూడా నలుపు చూసి కంగారుపడి వెలుగు పెంచేసి బూడిద రంగు చేస్తుంది, ఎక్స్‌పోజర్ కిందికి లాగి పెట్టండి.

నల్ల చుక్క బదులు ముదురు నీలం చుక్క, చుట్టూ పసుపు పచ్చ రింగు పెడితే? నీలం ఆకాశంలో బంగారు పురుగు. ఇదే రైన్‌బర్గ్ పద్ధతి, జూలియస్ రైన్‌బర్గ్ అనే ఆయన 1896లో బయటపెట్టారు, మీ సెట్టులో వచ్చిన రెండు రంగుల బిళ్ళలు ఇవే. ఫొటోషాప్‌లో రంగు పులిమినట్టు కాదు, నేపథ్యం రంగు నేరుగా వచ్చే వెలుగుది, పురుగు రంగు చెదిరిన వెలుగుది, అంటే ఆ రంగులో సమాచారం ఉంది. చవక సెట్లలో తప్పు ఎక్కడంటే మధ్య రంగు, చుట్టూ రంగు రెండూ ఒకే చిక్కదనంతో ఉంటాయి. నేరుగా వచ్చే వెలుగు ఏనుగు, చెదిరిన వెలుగు ఎలక, రెండిట్నీ ఒకే తక్కెడలో పెడితే ఎలక కనపడదు. మధ్యది మూడు నాలుగు పొరలు చిక్కగా, చుట్టూది పల్చగా ఉండాలి. ప్యారీస్‌లో (ఫ్రాన్స్‌ది కాదు, బ్రాడ్‌వే పక్కది) జిలెటిన్ కాగితాలు అన్ని రంగుల్లో షీట్లు దొరుకుతాయి, నీలం నాలుగు పొరలు మడిచి పేపర్ పంచ్‌తోనో కత్తెరతోనో కోసి మధ్యలో, పసుపు ఒక పొర చుట్టూ. రెండిటి మధ్య సందు లేకుండా చూడండి, తెల్ల వెలుగు సన్నగా దూరినా అంతా కడిగేస్తుంది. చుట్టూ రింగుని నాలుగు ముక్కలు చేసి ఎదురెదురు ముక్కలు ఎరుపు, ఆకుపచ్చ చేస్తే ఇంకో తమాషా, బట్ట నేతలో నిలువు పోగు ఒక రంగు, అడ్డ పోగు ఒక రంగు తిరుగుతాయి. మా ఇంట్లో కాంచీపురం చీర కొంగు నుంచి ఊడిన పోగులతో చేశా, ఊడినవే, పీకినవి కాదు.

నీళ్ళ కోసం ప్రతిసారీ చెరువుదాకా పోనక్కర్లేదు, ఏసీ నీళ్ళు కారే చోట గోడకి పట్టిన పాకుడు గీకండి, చాలు. వాల్వాక్స్ (బంతిలా గుంపు కట్టే పచ్చ నాచు) కావాలంటే మాత్రం నిలవ నీటి గుంట వెతకాలి, వానల తరవాత. మద్రాస్ యూనివర్సిటీలో ఎం.ఓ.పి. అయ్యంగార్ గారు దక్షిణాది నాచుల మీద, వాల్వాక్స్ మీద ఎంత పని చేశారో, ఈ ఊళ్ళో ఉండి అది చూడకపోతే ఎలా. పచ్చ ముత్యాల బంతి లోపల పిల్ల బంతులు, డార్క్‌ఫీల్డ్‌లో తిరుగుతుంటే నేను ఫొటో తీయడం మర్చిపోయి చూస్తూ ఉండిపోయా.

పోలరైజర్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్తా, ఎందుకంటే రూపాయికి వంద రూపాయల ఫలితం ఇచ్చేది ఇదే. రెండు ముక్కలు కావాలి, ఒకటి లైటు మీద, ఒకటి స్లైడుకి పైన ఎక్కడైనా, ఐపీస్‌కీ మొబైల్‌కీ మధ్య పెట్టినా సరే. ఒకదాన్ని తిప్పుతూ పోతే ఒకచోట అంతా చీకటవుతుంది, అక్కడ ఆపండి. ఇప్పుడు స్లైడు మీద ఏది ఆ కంపన దిశని మెలితిప్పగలదో అదొక్కటే వెలుగుతుంది. ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో చచ్చిపోయిన ఎల్సీడీ మానిటర్ ముక్క ఇవ్వమనండి, అద్దానికి రెండు వైపులా పోలరైజర్ ఫిల్మ్ అంటించి ఉంటుంది, మెల్లగా ఒలవండి, గాజు పగిలితే చెయ్యి తెగుతుంది జాగ్రత్త, జిగురుని స్పిరిట్‌తో నానబెట్టి తుడవాలి, ఓపిక పని. ముందువైపు ఫిల్మ్ చాలావాటికి గరుగ్గా ఉంటుంది, అది కింద లైటు మీదకి, వెనకవైపు నున్నటిది పైకి. త్రీడీ సినిమా కళ్ళజోడు (బ్యాటరీ లేని ప్లాస్టిక్ రకం) ఉంటే అదీ పనికొస్తుంది గానీ దానికి ముఖం వైపు మామూలు (లీనియర్) పోలరైజర్, బయటి వైపు దాని మీద ఇంకో పొర ఉంటుంది, ముఖం వైపు ఉండే తలాలు రెండూ స్లైడు వైపు చూసేలా పెడితేనే చీకటి వస్తుంది, రాకపోతే ఒకదాన్ని బోర్లించి చూడండి.

వంటింట్లోకి వెళ్ళి బంగాళాదుంప కోసి కత్తి మీది పాల చుక్క ఒకటి స్లైడు మీద పెట్టండి. ప్రతి పిండి రేణువూ వెలుగుతూ, దాని మీద ఒక నల్ల శిలువ కనపడుతుంది. బియ్యప్పిండిలో రేణువులు బాగా చిన్నవి, 40 కావాలి. ఇప్పుడు గంజి చుక్క పెట్టండి, శిలువలు మాయం, ఎందుకంటే ఉడికితే పిండిలోని అణువుల వరస చెదిరిపోతుంది. ఉడికిందా లేదా అని మెతుకు పట్టి చూస్తాం కదా, ఇది అదే పరీక్ష. ఉప్పు పెట్టండి, వెలగదు, దాని స్ఫటికం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. నిమ్మఉప్పు నీళ్ళలో కరిగించి చుక్క ఆరబెట్టండి, నెమలి పింఛమే, కాకపోతే మన ఊరి ఉక్కలో అది ఆరదు, జిగటగా సాగుతుంది, ఏసీ గదిలో పెట్టాల్సిందే. రంగులు ఇంకా కావాలంటే స్లైడు కింద సెల్లోటేపు ఒకటి రెండు పొరలు వేసి తిప్పండి, నేపథ్యమే గులాబీ, నీలం అవుతుంది. అన్నట్టు ఆ ఓహెచ్‌పీ షీటు, ప్లాస్టిక్ డబ్బా మూత లాంటివి రెండు పోలరైజర్ల మధ్యకి రానీయకండి, వాటి రంగులు అవే చూపిస్తాయి, నేను ఒక వారం అంతా ప్లాస్టిక్ ఫొటోలు తీసి స్ఫటికాలనుకుని మురిసిపోయా.

పల్లావరం, సెయింట్ థామస్ మౌంట్ వైపు రాయి ముక్క ఏదైనా దొరికితే పొడి చేసి చూడండి. అక్కడి రాయికి చార్నోకైట్ అని పేరు, కోల్‌కతాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ అధికారి సమాధికి వాడిన రాయి అదే రకం కాబట్టి భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో ఆ పేరు పెట్టారు. అందులో హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉంటుంది, పైన పోలరైజర్ తీసేసి కింద ఒక్కటే ఉంచి తిప్పితే ఆ రేణువు లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకి మారుతుంది. ఫిల్టర్‌కి రంగు లేదు, వెలుగుకి రంగు లేదు, తిప్పితే రాయి రంగు మారుతోంది, మొదటిసారి చూసినప్పుడు కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశా.

చివర్లో ఫ్లోరసెన్స్ (ఒక రంగు వెలుగు తాగి వేరే రంగులో వెలగడం) గురించి అడిగారు, దానికి వేల రూపాయల ఫిల్టర్ క్యూబులు అవసరమా అని. సీరియస్‌గా చేయాలంటే అవసరమే. రుచి చూడాలంటే అక్కర్లేదు. సూత్రం మన రామన్ గారు చేసిందే, 1928లో కృష్ణన్ గారితో కలిసి సూర్యకాంతికి ఊదా ఫిల్టర్ ఒకటి అడ్డం పెట్టి, ద్రవం మీద వేసి, చెదిరిన వెలుగుకి దానికి ఎదురు రంగు ఫిల్టర్ ఇంకొకటి అడ్డం పెట్టి చూశారు. మొదటిది దాటిన వెలుగుని రెండోది పూర్తిగా ఆపేయాలి, అయినా ఏదో కనపడుతోందంటే అది మధ్యలో కొత్తగా పుట్టిన రంగు అన్నమాట. ఆయన వెతికింది వేరే ప్రభావం, చాలా బలహీనమైనది, మనకి కావాల్సింది దానికంటే ఎన్నో రెట్లు గట్టిది, కానీ రెండు ఫిల్టర్ల ఎత్తుగడ ఒకటే. విశాఖపట్నంలో చదివి మద్రాస్ ప్రెసిడెన్సీ కాలేజీకి వచ్చిన మనిషి, మెరీనా మీదగా పోతుంటే ఆ కాలేజీ చూసినప్పుడల్లా నాకు ఈ రెండు గాజుముక్కలే గుర్తొస్తాయి.

చేసే విధానం, కింద లైటు ఆపేయండి, నీలం ఎల్ఈడీ టార్చితో పక్కనుంచి ఏటవాలుగా స్లైడు మీద వేయండి, 4 ఆబ్జెక్టివ్‌తో, ఐపీస్ మీద నారింజ జిలెటిన్ రెండు మూడు పొరలు. టార్చి ముందు నీలం కాగితం కూడా ఒక పొర పెడితే దొంగ వెలుగు తగ్గుతుంది. పాకుడులో పత్రహరితం ఎర్రగా రాజుకుంటుంది, 680 నానోమీటర్ల దగ్గర, నారింజ కాగితం దాన్ని ఆపదు. పసుపుని స్పిరిట్‌లో కలిపి ఒక చుక్క పెట్టినా మెరుస్తుంది. యూవీ టార్చి, లేజర్ మాత్రం వద్దు తమ్ముడూ, మైక్రోస్కోపులో కన్ను పెట్టి అలాంటి వాటితో ఆటలాడొద్దు, నీలం టార్చితో చేసేటప్పుడు కూడా కన్ను కాదు, మొబైలే పెట్టండి. లైటు బదులు అద్దం ఉన్న పాత మైక్రోస్కోపు ఎవరైనా ఇస్తే ఎండలో సూర్యుడి వైపు అద్దం తిప్పడం కూడా అంతే, ఒక్క క్షణం చాలు చూపు పోవడానికి.

ఇక మీ సెట్టు. రిటర్న్ టైం ఇంకా ఉంటే తిప్పి పంపేయండి, లేకపోతే ఆకుపచ్చ బిళ్ళ, ఎర్ర బిళ్ళ ఉంచుకుని, మిగతావాటి ప్లాస్టిక్ రింగులు ఊడదీసి మీరు చేసుకునే బొట్టుబిళ్ళలకి ఫ్రేములుగా వాడండి, రింగు సైజు సరిపోతుంది కాబట్టి ఆ డబ్బులు ఉత్తినే పోలేదు. కాగితం ఫిల్టర్లన్నీ ఒక స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లంతో పెట్టండి, నా మొదటి పోలరైజర్ ఒక నవంబరు వానల్లో బుడగలెత్తి పొరలు విడిపోయింది. ఈ ఆదివారం ఐరిస్ సర్ది ఒక ఫొటో, దానికి ఫిల్టర్ ఏదీ వద్దు, తరవాత అదే పురుగుకి బొట్టుబిళ్ళతో ఇంకో ఫొటో, రెండూ పెట్టండి, ఏ ఆబ్జెక్టివో, చుక్క ఎన్ని మిల్లీమీటర్లో కూడా రాయండి, మిగతాది అవి చూసి చెప్తా.